కడలి కొరికిన వెండి

నాందేడ్‌కు సముద్రం దగ్గర్లో లేదు, ఉన్నది గోదావరి. అయినా పాత నాణేలంటే ఇష్టపడే ఇక్కడివాళ్ల ఫోన్లకు కూడా ‘మునిగిన ఓడలోంచి తీసిన స్పెయిన్ వెండి’ అంటూ ప్రకటనలు వస్తుంటాయి. అది నిజమో కాదో ఎలా తేల్చుకోవాలి?

స్పెయిన్ వెండి మనకు కొత్తదేం కాదు. మెక్సికోలోనూ, ఇప్పటి బొలీవియాలోని పొటోసీలోనూ తవ్విన వెండిని స్పెయిన్ అక్కడే నాణేలుగా కొట్టించేది. మచిలీపట్నంలో అద్దకపు బట్టలు కొన్న డచ్చి, ఇంగ్లిష్ వర్తకులు ఆ వెండినీ ఓడల్లో తెచ్చారు. ఇక్కడికి వచ్చిన నాణేల్లో చాలావరకు టంకశాలల్లో కరిగి రూపాయలయ్యాయి. 1807 తర్వాత మద్రాసు టంకశాల కొట్టిన అర వరహాల కథ వేరు. ముందు గోపురం, వెనుక విష్ణుమూర్తి, చుట్టూ తెలుగు, తమిళ అక్షరాలు. వాటిలో చాలా వాటిని స్పెయిన్ డాలర్ల మీదే అచ్చు వేశారు. కొన్నింటిని వెలుతురులో వాలుగా పట్టుకుంటే కొత్త ముద్ర కింద పాత ముద్ర ఛాయలు ఇంకా కనిపిస్తాయి.

ఇక గుర్తుపట్టే పద్ధతి. మొదట తక్కెడ. స్పెయిన్ డాలర్ అంటే ఎనిమిది రియాళ్ల పెద్ద నాణెం, బరువు సుమారు 27 గ్రాములు. బ్రిటిష్ కాలపు వెండి రూపాయలు రెండు, వాటిపైన ఒక వెండి పావలా పెట్టి తూచితే వచ్చే బరువుకంటే కాస్త ఎక్కువ. తర్వాత ఆకారం. పాతవాటిని వెండి కడ్డీ నుంచి ముక్కలుగా నరికి సుత్తితో కొట్టేవారు కాబట్టి అంచులు వంకరటింకరగా ఉంటాయి. ఒకవైపు శిలువ, దాని మూలల్లో కోటలు, సింహాలు. 1732 నుంచి మెక్సికోలో యంత్రంతో గుండ్రంగా కొట్టారు. వాటి మీద రెండు స్తంభాలు, మధ్యలో రెండు భూగోళాలు, కింద అలలు. 1772 నుంచి రాజు ముఖం వచ్చింది.

ఆ తర్వాత చిన్న అక్షరాలు. ఎం మీద బుల్లి ఓ ఉంటే మెక్సికో టంకశాల. పక్కనుండే పొడి అక్షరాలు వెండి నాణ్యతకు పూచీపడిన అధికారివి. రాజు, ఏడాది, టంకశాల, అధికారి, ఈ నాలుగూ ఒకదానితో ఒకటి పొసగాలి. పొసగకపోతే ఆ నాణేన్ని అనుమానించాల్సిందే.

సముద్రంలో పడిన వెండి నల్లబడుతుంది, గుంటలు పడుతుంది, బరువు తగ్గుతుంది. అందుకే అసలుది కూడా 27 గ్రాములు తూగకపోవచ్చు. అయితే ఒకే అచ్చులో పోసిన నకిలీలకు గుంటలు కూడా ఒకేచోట ఉంటాయి. భూతద్దంతో చూస్తే అంచు వెంట అతుకు గీత, పైన గాలిబుడగల మచ్చలు బయటపడొచ్చు. అయస్కాంతానికి అంటుకుంటే అది వెండి కానే కాదు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఏ రాజుదో, ఏ టంకశాలదో నాణెమే చెబుతుంది. ఏ ఓడదో మాత్రం నాణెం చెప్పలేదు. అది వెలికితీత రికార్డులు చెప్పాలి. 1809లో మద్రాసుకు రాగి కాసులు తెస్తూ ఇంగ్లండ్ తీరాన మునిగిన అడ్మిరల్ గార్డ్‌నర్ ఓడ నుంచి లక్షల కాసులు బయటికొచ్చాయి. మనకోసం బయలుదేరి మనకు చేరని డబ్బు అది. అలాంటి కాసుకైనా వెంట నమ్మదగిన కాగితం లేకపోతే ‘ఓడది’ అన్న మాటకు అదనపు ధర కట్టకండి.

ఇంట్లోనే అలాంటి నాణెం దొరికితే విభూతితోనో టూత్‌పేస్టుతోనో తోమకండి. ఆ నలుపుతోపాటు ఆధారమూ పోతుంది. నేలలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే 1878 నాటి చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. వందేళ్లు దాటిన నాణేన్ని 1972 చట్టం పురావస్తువుగా చూస్తుంది, దాన్ని సొంతంగా దేశం దాటించకూడదు. కొనేముందు తూచండి, చదవండి, కాగితం అడగండి.