చట్టము చాటున అడవిగుర్రములు

1950వ సంవత్సరములో ఒకనాటి ఉదయమున, అమెరికాలోని నెవాడా రాష్ట్రములో వెల్మా జాన్‌స్టన్ అను స్త్రీ తన కారులో ఉద్యోగమునకు బయలుదేరెను. ముందు పోవుచున్న లారీనుండి నెత్తురు కారుచుండుట ఆమె కంటబడెను. వెంబడించి చూడగా, గాయపడిన అడవిగుర్రములు అందు క్రిక్కిరిసి యుండెను. వానిని కబేళాకు తరలించుచుండిరి.

ఈ గుర్రములను అచ్చట మస్టాంగులందురు. పూర్వము స్పెయిన్ దేశస్థులు ఓడలలో తెచ్చిన గుర్రములలో తప్పించుకొనిపోయిన వాని సంతతి యిది. యజమాని లేని జంతువు గనుక పట్టినవానిదే సొత్తుగా చెల్లెను. విమానములతో తరిమి, మోటారు బండ్లతో అలయించి పట్టి, కుక్కలకును పిల్లులకును ఆహారమగుటకై అమ్మెడివారు.

వెల్మా సామాన్య కార్యదర్శిని. బాల్యమున పోలియో వ్యాధితో బాధపడినది. ప్రత్యర్థులు ఆమెను "అడవిగుర్రాల ఆనీ" యని ఎగతాళి చేయగా, ఆమె ఆ పేరునే బిరుదుగా ధరించెను. ఆమె పిలుపునందుకొని బడిపిల్లలు ప్రజాప్రతినిధులకు వేలకొలది ఉత్తరములు వ్రాసిరి. ప్రభుత్వభూములలో విమానములతోను, మోటారు వాహనములతోను ఈ గుర్రములను వేటాడరాదని 1959లో శాసనమైనది. 1971 డిసెంబరు 15న అధ్యక్షుడు నిక్సన్ సంతకముతో సమగ్రమైన చట్టము వెలసెను. ప్రభుత్వభూములలో స్వేచ్ఛగా తిరుగు గుర్రములను, గాడిదలను అనుమతి లేక పట్టుటయు, హింసించుటయు, చంపుటయు నేరములైనవి.

అయినను చిక్కు తీరలేదు. మంద నాలుగైదేండ్లలో రెట్టింపు కాగలదు. మెట్టభూములలో గడ్డియు, నీరును అట్లు పెరుగవు. మిగిలిన గుర్రముల గతి యేమి? 1978 నాటి సవరణ ప్రకారము, వానిని తీసికొని యొక సంవత్సరము చక్కగా పోషించినవారికి యాజమాన్యపు హక్కు లభించును. ఆ హక్కు చేతులు మారిన క్షణముననే, గుర్రమునకు అడవిగుర్రముగా నున్న రక్షణ తొలగిపోవును. 2004లో మరియొక సవరణ వచ్చినది. పదేండ్లు పైబడినవానిని, మూడు పర్యాయములు చూపినను ఎవరును తీసికొననివానిని ఏ నిబంధనయు లేక అమ్మవచ్చునని దాని సారాంశము. వెల్మా 1977లోనే కన్నుమూసెను. ఈ సవరణలను ఆమె చూడలేదు.

ఆ తరువాతి సంవత్సరములలో, కబేళాకు దారితీయు అమ్మకములకు ప్రభుత్వధనము వెచ్చింపరాదని వార్షిక వ్యయచట్టములలో షరతు చేర్చుచు వచ్చిరి. అట్టి షరతుకు ఆయువు ఒక్క సంవత్సరమే. మరుసటి యేడు మరల వ్రాయవలెను. నాడు పిల్లల ఉత్తరములు ఒక చట్టమును పుట్టించినవి. పుట్టిన చట్టమును బ్రతికించుటకు పెద్దల మెలకువ యేటేట కావలసియున్నది.