కొర్రమీను పక్కన ఎవరిని ఉంచొచ్చు?

తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీనును గాజు తొట్టిలో పెంచుతున్నారనుకోండి. తోడుగా నాలుగు రంగు చేపలు వేస్తే తెల్లారేసరికి అవి మాయం! కొర్రమీనుకు అంత కోపమా?

కోపం కాదు, ఆకలి. అది వేటాడి బతికే చేప. కదలకుండా పొంచి ఉండి, చటుక్కున నోరు తెరుస్తుంది. స్ట్రాతో పీలిస్తే కొబ్బరినీళ్లు నోట్లోకి వచ్చినట్టే, నీళ్లతోపాటు చిన్న చేప లోపలికి వెళ్లిపోతుంది. నమలడం ఉండదు, గుటుక్కున మింగడమే.

అందుకే తోడును ఎంచేటప్పుడు ముందు చూడాల్సింది కొర్రమీను నోరు. అందులో పట్టేదేదైనా దానికి తిండే. పొడుగొక్కటే చూస్తే చాలదు. సన్నగా పొడుగ్గా ఉన్న చేపను సులువుగా మింగేస్తుంది, వెడల్పాటి చేప గొంతులో దిగదు. జెల్లలాంటి ముళ్ల చేప అయితే రెండింటికీ ప్రమాదం: మింగబోతే ముళ్లు గొంతులో గుచ్చుకుంటాయి.

మరి ఇంకో కొర్రమీను? అదీ సమాన సైజుదే కావాలి. పెద్దది చిన్నదాన్ని తినేస్తుంది కాబట్టే చెరువుల్లో పెంచే రైతులు పిల్లలను సైజుల వారీగా వేరు చేస్తారు. సమాన సైజువే అయినా, గుడ్లు పెట్టే కాలంలో జత చేపలు ఇంకెవరినీ దగ్గరకు రానివ్వవు.

నన్నడిగితే ఇంటి తొట్టిలో దాన్ని ఒంటరిగా ఉంచడమే మేలు. పైన గట్టి మూత పెట్టండి, ఎగిరి దూకేస్తుంది. మూత కింద కాస్త ఖాళీ వదలండి, అది పైకొచ్చి గాలి పీల్చుకోవాలి.