పోగుల లెక్క, దారుల లెక్క: విశాఖ తీరంలో ఆప్టికల్ ఫైబర్ కేబుల్ ఎంపిక

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు విద్యుత్తుతో పాటు ఫోన్లూ మూగబోయాయి. కేబుల్ ఎంపికలో పోగుల సంఖ్య ఒక్కటే ప్రమాణం కాదనడానికి ఆ అనుభవం చాలు.

భవనం లోపలి కొద్దిపాటి దూరాలకు మల్టీమోడ్ పోగు సరిపోతుంది. (నేతపనికి చెందిన ‘పోగు’ అనే మాట ఇక్కడ ‘తంతువు’ కంటే సహజం.) రేవుకూ ఉక్కు కర్మాగారానికీ నడుమ ఉన్నంత దూరానికి సింగిల్‌మోడ్ అవసరం. 1550 నానోమీటర్ల కాంతి అందులో కిలోమీటరుకు సుమారు 0.2 డెసిబెల్ మాత్రమే క్షీణిస్తుంది. అంటే 50 కిలోమీటర్ల తరువాత కూడా పదో వంతు మిగులుతుంది.

వేగం పెంచాలంటే చివరల పరికరాలను మారిస్తే చాలు. వేసిన కేబుల్‌లో పోగులను మాత్రం పెంచలేము. తవ్వకపు ఖర్చుతో పోలిస్తే అదనపు పోగుల ధర స్వల్పం కనుక ముందుచూపుతో ఎక్కువ తీసుకోవడం సమంజసమే. అయితే ఒకే తొడుగులోని 96 పోగులూ ఒక్క జేసీబీ దెబ్బకు తెగుతాయి. అందుకన్నా వేర్వేరు దారుల్లో సాగే 48 పోగుల కేబుళ్లు రెండు మేలు.

ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ విద్యుత్ స్తంభాల మీదుగా కేబుల్ లాగింది. తవ్వకం తప్పింది, పని వేగంగా సాగింది. గాలివాన ముప్పు మాత్రం స్తంభంతోనే వచ్చింది. హుద్‌హుద్ తరువాత విశాఖలోని పలు ప్రాంతాల్లో విద్యుత్ తీగలనే భూగర్భానికి మళ్లించారు. ఈ తీరంలో రెండు దారుల్లో కనీసం ఒకటి నేల కింద ఉండాలి.