భయానకరసాస్వాదము – ‘ఏలియన్’ చలనచిత్రము

భయము దుఃఖహేతువు. దుఃఖమును బరిహరింపఁ గోరుట ప్రాణిస్వభావము. అట్లుండఁగా ద్రవ్యమిచ్చి, చీకటిశాలలోఁ గూర్చుండి, సుమారు రెండుగంటలు భయపడుటకు లోకులేల పోవుదురు? ఇది రససిద్ధాంతమునకే పరీక్ష. ప్రాచీనకావ్యములకుఁ జెల్లి, నూతనకళకుఁ జెల్లని శాస్త్రము శాస్త్రమనిపించుకొనదు. కావున 1979వ సంవత్సరమున రిడ్లీ స్కాట్ దర్శకత్వమున వెలువడిన ‘ఏలియన్’ అను నాంగ్లచిత్రము నుదాహరణముగాఁ గైకొని విచారింతము.

నోస్ట్రోమో యను నంతరిక్షనౌక 2 కోట్ల టన్నుల ఖనిజమును భూమికి లాగికొని వచ్చుచుండును. అందలి పరివారమేడుగురు. నడుమ వారొక యజ్ఞాతగోళమున దిగఁగా, నొక జీవి కేన్ అను వాని ముఖమునకంటుకొని, వాని దేహమున బీజము నిలుపును. పిదప భోజనసమయమున వాని వక్షమును జీల్చుకొని వేఱొక జీవి వెలువడును. పెరిగి, నౌకలోనివారిని హరింపఁ జొచ్చును. తుదకు మిగులునది రిప్లీ యను స్త్రీయు, నొక పిల్లియు.

వికృతధ్వని, అరణ్యము, శూన్యగృహము మున్నగువానిని భరతముని భయానకమునకు విభావములుగాఁ జెప్పెను. ఈ చిత్రప్రారంభమున మనుష్యుఁడు కానరాఁడు. నిర్జనములగు నడవలే కనఁబడును. ఆ నౌకయే శూన్యగృహము. లోకమందలి శూన్యగృహమునుండి పాఱిపోవచ్చును. వెలుపల గాలియే లేనిచోట నెందుఁ బాఱుట? గాలి లేనిచో శబ్దము ప్రసరింపదు గావున, నార్తనాదమైనను నొరులకు వినఁబడదు. స్విట్జర్లాండు చిత్రకారుఁడగు గీగర్ కల్పించిన యా జీవిరూపమును దర్శకుఁడు సమగ్రముగాఁ జూపుట యరుదు. శేషమును బ్రేక్షకుని యూహయే పూరించును. బీభత్సమువలన భయానకము పుట్టునను మునివచనమునకు భోజనఘట్టమే లక్ష్యము.

ఇఁక నానందమెట్లు? భయహేతువునకుఁ బాణిని యపాదానసంజ్ఞ విధించెను. పులివలన భయపడువాఁడు పులినుండి తొలఁగఁ జూచును. ప్రేక్షకుఁడో తొలఁగఁడు, కన్నులప్పగించి చూచును. నాట్యమందలి భయము ‘నాది’ యనియు ‘పరునిది’ యనియుఁ దోఁపక, దేశకాలవ్యక్తిసంబంధమును వీడి సాధారణమగునని యభినవగుప్తుఁడు శాకుంతలమందలి భీతమృగము నుదాహరించి నిరూపించెను. నాట్యదర్పణకారులు భయానకాదులు దుఃఖాత్మకములే యనియు, కవినటుల కౌశలమువలనఁ జమత్కారము గలుగుననియుఁ జెప్పిరి. ఈ చిత్రము దృశ్యకల్పనకు 1980లో ఆస్కార్ పురస్కారమందినది నిజమే. కాని కౌశలమే కారణమైనచో భోజనఘట్టమున మెచ్చుకొనుచుఁ గూర్చుండవలయును; మన మూపిరి బిగింతుము. కావున నభినవగుప్తుని మతమే యిందుఁ గుదురును.

ఒక్కయెడ మాత్రము శాస్త్రోక్తి నిలువదు. భయము స్త్రీనీచప్రకృతులకుఁ జెందునని భరతుఁడు చెప్పెను. ఇందు నౌకాధిపతియగు డాలస్ నశించును, రిప్లీ నిలుచును. ఆమెకు భయము లేదనరాదు. ఆమె వణఁకును, వణఁకుచునే పని నెఱవేర్చును. భయమును ధృతియు నొక్కయాశ్రయమందే యుండుటచేఁ బ్రేక్షకుని హృదయము పలాయనమును గాక ధైర్యమును గూడ నాస్వాదించును. మునివచనము నాఁటి లోకవృత్తము ననుసరించినదే కాని రసస్వరూపమునకు నియామకము కాదు. విభావాదుల సంయోగము చెక్కుచెదరలేదు, ఆశ్రయనియమమే సడలినది. పాఠశాలలో భయానకమున కుదాహరణము చెప్పువారు లేడితోఁబాటు రిప్లీని గూడఁ జేర్చినచో శాస్త్రమునకు హాని లేదు, విద్యార్థులకు లాభమే.