ఊరి ఆదాయము, ఊరి వ్యయము

ఉగాదినాటి సాయంకాలము దేవాలయ మండపమున పంచాంగ శ్రవణము జరుగుట మన పల్లెలలో నేటికిని గల ఆచారము. ఏ రాశివారికి ఆదాయమెంత, వ్యయమెంత, రాజపూజ్యమెంత, అవమానమెంత అని సిద్ధాంతిగారు చదువుచుండగా ఊరివారు వ్రేళ్ళు మడచి లెక్కించుకొందురు. ఆదాయము 2, వ్యయము 14 అని వచ్చినవాడు ప్రక్కవాని ముఖము చూచి నవ్వును. ఇంచుమించు ఆ దినములలోనే ఊరికంతటికిని సంబంధించిన మరియొక ఆదాయ వ్యయ పట్టిక గ్రామ పంచాయతీ కార్యాలయమున ఉండును. మార్చి 31తో ఒక ఆర్థిక సంవత్సరము ముగిసి, ఏప్రిల్ 1తో మరియొకటి మొదలగును. రాశిఫలములు వినుటకు వచ్చినంతమంది ఈ పట్టికను వినుటకు రారు. అయినను వీధిదీపము వెలుగుట, కొళాయిలో నీరు వచ్చుట, మురుగుకాలువ పారుట అనునవి గ్రహముల స్థితిని బట్టి గాక ఈ పట్టికను బట్టియే జరుగుచున్నవి. దానిని ఎట్లు చదువవలెనో ఇచ్చట కొంత వివరింపదలచితిమి.

గ్రామము తన లెక్కలు తాను చూచుకొనుట ఈ దేశమునకు క్రొత్త కాదు. తమిళ దేశమున ఉత్తరమేరూరు ఆలయపు గోడలపై పదవ శతాబ్ది నాటి పరాంతక చోళుని కాలపు శాసనములు కలవు. పేర్లు వ్రాసిన తాటాకు చీట్లను కుండలో వేసి, వానిని తీయించి గ్రామ కార్యములు నడుపు సంఘములకు సభ్యులను ఎన్నుకొనెడి పద్ధతి అందు వర్ణింపబడినది. పూర్వము పదవిలోనుండి లెక్కలు ఒప్పగింపనివాడును, అతని దగ్గరి బంధువులును ఆ చీట్లకు అర్హులు కారని అందొక నిబంధన. ఊరి సొమ్మునకు లెక్క చెప్పని వానికి ఊరి పదవి లేదన్నమాట. వేయి సంవత్సరములు గడచినను ఇంతకంటె సూటియైన నియమము కనబడదు.

ఇక నేటి వ్యవస్థ సంగతి. 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘము సమర్పించిన నివేదికను పురస్కరించుకొని 1959 అక్టోబరు 2వ తేదీన రాజస్థాన్‌లోని నాగౌర్‌లో పంచాయతీరాజ్య వ్యవస్థ ప్రారంభమయ్యెను. తొమ్మిది దినముల అనంతరము, అక్టోబరు 11న, షాద్‌నగర్‌లో ప్రధాని నెహ్రూ ఆంధ్రప్రదేశ్‌లో దానిని ప్రారంభించెను. 1964లో ఆంధ్ర, తెలంగాణ ప్రాంతములకు రెంటికిని ఒకే గ్రామ పంచాయతీల చట్టము వచ్చెను. 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణతో పంచాయతీకి రాజ్యాంగమందే స్థానము ఏర్పడెను. ఐదేండ్లకొకసారి ఎన్నికలు, గ్రామమునందలి ఓటర్లందరును సభ్యులుగా గల గ్రామసభ, ఐదేండ్లకొకసారి రాష్ట్ర ఆర్థిక సంఘము అనునవి ఆ సవరణ ఫలములే. దానిని అనుసరించి 1994లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము, రాష్ట్ర విభజనానంతరము 2018లో తెలంగాణ చట్టము వెలువడినవి.

ఒక సంసారమునకు సొంత పొలము పంట, ఉమ్మడి ఆస్తిలో వాటా, పెద్దల సాయము అను మూడు దారులున్నట్లే పంచాయతీకిని మూడు ఆదాయమార్గములు కలవు. సొంత పంట వంటివి పంచాయతీ తానే విధించి వసూలు చేసికొను పన్నులు, రుసుములు. వీనిలో ముఖ్యమైనది ఇంటిపన్ను. కొళాయి రుసుము, దుకాణములకును మిల్లులకును ఇచ్చు లైసెన్సుల రుసుము, వారపు సంత వేలము, పంచాయతీకి సంక్రమించిన చెరువులలో చేపలు పట్టు హక్కు వేలము, బందెలదొడ్డి రుసుము, పంచాయతీ కట్టించిన కొట్ల అద్దె మొదలగునవి తరువాతివి. ఇంటిపన్ను రసీదును జాగ్రత్తగా చూచినచో అందు గ్రంథాలయ పన్ను అని యొక చిన్న పద్దు కనబడును. 1960 నాటి గ్రంథాలయ చట్టము ననుసరించి ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు పంపవలసిన సొమ్మది. అది పంచాయతీ చేతులమీదుగా పోవునే గాని పంచాయతీ సొమ్ము కాదు.

ఉమ్మడి ఆస్తిలో వాటా వంటివి ప్రభుత్వము వసూలు చేసి గ్రామమునకు పంచి ఇచ్చెడివి. గ్రామమున భూమియో ఇల్లో చేతులు మారినపుడు స్టాంపు డ్యూటీతోపాటు వసూలగు సర్‌ఛార్జిలో భాగము, ఇసుక, కంకర వంటి చిన్నతరహా ఖనిజములపై వచ్చు సీనరేజిలో భాగము ఇట్టివి. పట్టణమునకు చేరువలోనుండి స్థలముల అమ్మకములు జోరుగా సాగు గ్రామమునకు ఈ పద్దున మంచి రాబడి ఉండును. లోతట్టు గ్రామమునకు ఇది నామమాత్రమే.

మూడవది పెద్దల సాయము, అనగా కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వముల గ్రాంట్లు. 15వ ఆర్థిక సంఘము 2021-22 మొదలు 2025-26 వరకు గల ఐదేండ్లకు దేశమందలి గ్రామీణ స్థానిక సంస్థలకు 2,36,805 కోట్ల రూపాయలు సిఫారసు చేసెను. అందు నూటికి 60 వంతులు షరతులతో కూడినవి. ఆ 60లో సగము పారిశుద్ధ్యమునకు, సగము త్రాగునీటికి వినియోగింపవలెను. మిగిలిన 40 వంతులను గ్రామము తన అవసరమును బట్టి వాడుకొనవచ్చును. కాని జీతములకును కార్యాలయపు ఖర్చులకును వాడరాదు. ఎన్నికైన పాలకవర్గము లేనిచో ఈ గ్రాంటునకు అర్హత లేదని మరియొక షరతు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఆగస్టుతో గడువు తీరిన పంచాయతీలకు 2021 ఫిబ్రవరిలో గాని ఎన్నికలు జరుగలేదు. ఎన్నిక ఆలస్యమగుట సర్పంచి కుర్చీకి మాత్రమే సంబంధించిన విషయము కాదనియు, అది ఊరి కొళాయికిని సంబంధించినదనియు ఈ షరతు మనకు తెలుపుచున్నది.

ఈ మూడు మార్గములలో ఏది ఎంత? 2024 జనవరిలో భారతీయ రిజర్వు బ్యాంకు పంచాయతీల ఆర్థిక స్థితిపై ఒక నివేదికను ప్రకటించెను. దాని ప్రకారము 2022-23లో దేశమున సగటున ఒక పంచాయతీ రాబడి సుమారు 21 లక్షల రూపాయలు. అందు సొంత పన్నుల ద్వారా వచ్చినది సుమారు 21 వేలు. రుసుములు, అద్దెలు మొదలగు పన్నేతర మార్గముల ద్వారా 73 వేలు. కేంద్ర గ్రాంట్లు సుమారు 17 లక్షలు, రాష్ట్ర గ్రాంట్లు 3 లక్షల 25 వేలు. అనగా రూపాయిలో 95 పైసలు పైనుండి దిగి వచ్చుచున్నవి. ఊరివారు తమ పంచాయతీకి పన్నుగా ఇచ్చునది ఒక్క పైస. ఇది దేశపు సగటు. మన రాష్ట్రములలో ఇంటిపన్ను బాగుగా వసూలగు గ్రామములు లేకపోలేదు. అయినను సమస్య యొక్క స్వరూపము ఈ అంకెలలో స్పష్టముగా కనబడుచున్నది.

పైనుండి సొమ్ము వచ్చుచుండగా ఇబ్బంది ఏమున్నదని ఎవరైన అడుగవచ్చును. గ్రాంటు ఏ నెల వచ్చునో పంచాయతీ చేతిలో లేదు. ఏ పనికి వాడవలెనో చాలవరకు పైవారే నిర్ణయింతురు. కాని ఊరి అవసరములు గ్రాంటు కొరకు ఆగవు. తెల్లవారుజామున మోటారు వేసి ఓవర్‌హెడ్ ట్యాంకు నింపెడి మనిషికి నెల తిరుగగానే జీతము కావలెను. ఆ మోటారునకును వీధిదీపములకును కరెంటు బిల్లు ప్రతి నెల వచ్చును. వీధులు ఊడ్చి, కాలువలు తీయు పారిశుద్ధ్య కార్మికుల ఇండ్లలో పొయ్యి వెలుగవలెను. వానకాలము రాకముందే కాలువల పూడిక తీయవలెను. నీటిలో బ్లీచింగు పౌడరు కలుపవలెను. దోమల మందు చల్లవలెను. ఇవన్నియు పెద్ద పనులు కావు, శిలాఫలకములకు ఎక్కవు. కాని ఇవి ఒక్క పక్షము ఆగినచో ఊరంతయు జ్వరములతో మంచము పట్టును.

ఉదాహరణకు 600 గడపలు గల ఒక గ్రామమును ఊహింతము. సగటున గడపకు ఏటికి 300 రూపాయల ఇంటిపన్ను అనుకొందము. రావలసిన మొత్తము 1,80,000 రూపాయలు. నూటికి 60 వంతులు మాత్రమే వసూలైనచో చేతికి వచ్చునది 1,08,000. మిగిలిన 72,000 బకాయి అను పేరుతో మరుసటి ఏటి పుస్తకములోనికి పోవును. అది నెలకు 6,000 రూపాయలు. పగిలిన పైపునకు అతుకు, కాలిపోయిన దీపమునకు మారుదీపము, మూత లేని కాలువకు ఒక బండ ఇట్టి మొత్తముతోనే సమకూరవలెను. గడపకు చూచినచో పన్ను నెలకు 25 రూపాయలే. ఊరికి చూచినచో ఆ బకాయి వలన అర్ధరాత్రి ఆసుపత్రికి బయలుదేరిన గర్భిణికి దారి చూపవలసిన దీపము వెలుగకపోవచ్చును.

మరి పన్ను ఏల వసూలు కాదు? సర్పంచి ఊరివాడే. పన్ను కట్టవలసినవారు ఆయనకు మేనమామలు, వియ్యంకులు, ఓటు వేసినవారు. పన్ను పెంచుదమన్నవాడు మరుసటి ఎన్నికలో నిలువలేడని ఒక భయము. మేడ కట్టినవాని ఇంటికి పాత పెంకుటింటి పన్నే పుస్తకములో నిలిచి ఉండుట, పూరింటివాడు గడువులో కట్టుచుండగా మిద్దెవాడు బాకీ పడుట మనము చూచుచున్నదే. ఇక కట్టువాని వైపు నుండి చూచినచో, తాను ఇచ్చిన సొమ్ము ఏమైనదో ఎవరును చెప్పలేదు కనుక ఏల ఇవ్వవలెనని అతని ప్రశ్న. లెక్క చెప్పలేదని పన్ను కట్టరు. పన్ను కట్టలేదు కనుక లెక్క అడుగుటకు నోరు రాదు. ఈ రెండు కారణములు ఒకదానినొకటి పెంచుచున్నవి.

అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రమున ప్రతి సంవత్సరము మార్చి మొదటి మంగళవారము గ్రామసభల దినము. సభకు ముందే ఊరి వార్షిక నివేదిక అచ్చువేయించి ప్రజలకు అందజేయుదురు. రోడ్డుకెంత, గ్రంథాలయమునకెంత, అగ్నిమాపక బండికెంత అని అందుండును. అనేక గ్రామములలో ఓటర్లు సమావేశమై ఆ పద్దులను చర్చించి ఓటు వేయుదురు. అచ్చట ఆస్తిపన్ను తమ జేబునుండి పోవుచున్నది కనుక ఊరివారు తరలివచ్చి అడుగుదురు. తన సొమ్ము ఉన్నచోట మనిషి దృష్టి ఉండుట లోకసహజము.

మనకును చట్టమునందు లోపము లేదు. గత సంవత్సరపు లెక్కలు, ఆడిట్ నివేదిక, రాబోవు సంవత్సరపు పన్నుల ప్రతిపాదనలు, చేయదలచిన పనుల జాబితా గ్రామసభ ముందు పెట్టవలసినవే. తెలంగాణ చట్టము కనీసము రెండు నెలలకొకసారి గ్రామసభ జరుపవలెనని విధించినది. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామ స్వరాజ్ అను ఇంటర్నెట్ వేదికలో పంచాయతీల ప్రణాళికలను, వ్యయములను ఎవరైనను చూడవచ్చును. చేతి ఫోనులో సినిమా చూచు కుఱ్ఱవాడు అదే ఫోనులో తన ఊరి పద్దు చూచి, రచ్చబండ దగ్గర పెద్దలకు చదివి వినిపింపవచ్చును. అందు కట్టినట్లు చూపిన కాలువ వీధిలో ఉన్నదో లేదో కాలినడకన పోయి చూచుటకు పది నిమిషములు చాలును. ఏ ఆడిటరునకును లేని సౌకర్యమిది.

గ్రామసభకు పోయినవారు ముఖ్యముగా మూడు ప్రశ్నలు అడుగవలెనని మా మనవి. ఇంటిపన్ను రావలసినదెంత, వచ్చినదెంత, పెద్ద బకాయిలు ఏ వీధిలో ఉన్నవి అనునది మొదటిది. షరతులు గల గ్రాంటులో నీటికిని పారిశుద్ధ్యమునకును ఏ పనులు జరిగినవి, అవి ఎచ్చట ఉన్నవి అనునది రెండవది. నెలనెల తప్పని ఖర్చులకు, అనగా జీతములకును కరెంటునకును, ఈ సంవత్సరము ఏ ఆదాయము ఆధారము అనునది మూడవది. ఈ ప్రశ్నలు సర్పంచిని ఇరుకున పెట్టుటకు గాదు. పన్ను వసూలు చేయుటకు వెనుకాడు సర్పంచికి సభలో పదిమంది అడుగుటయే బలము. మేనమామకు చెప్పలేని మాట సభ పేరు మీద చెప్పగలడు.

ఈ సభకు స్త్రీలు తప్పక రావలెను. వారికి పదవులలో రిజర్వేషన్లు కలవు గాని, సభలో వెనుక వరుస దాటి మాట్లాడువారు తక్కువ. కొళాయి ఏ వేళకు వచ్చునో, ఎన్ని బిందెలు నిండునో, ఏ మలుపున దీపము లేక భయము కలుగునో వారికి తెలిసినట్లు పద్దు వ్రాయువారికి తెలియదు. ఉదయము పనుల వేళ సభ పెట్టి వారు రాలేదనుట న్యాయము కాదు.

పంచాంగములోని ఆదాయ వ్యయములను మార్చుట ఎవరి తరమును కాదు. ఊరి ఆదాయ వ్యయములు అట్టివి కావు. అవి సభలో కూర్చున్నవారు మార్చగలిగినవి. వచ్చు ఏడు సిద్ధాంతిగారు రాశిఫలములు ముగించిన పిమ్మట, మండపమునుండి జనము లేవకముందే, పంచాయతీ కార్యదర్శిని పిలిచి ఊరి పద్దు కూడ చదివింపవచ్చును. అరగంటకు మించి పట్టదు. పన్ను కట్టినవాడు తల ఎత్తి వినును. కట్టనివాడు మరునాడు రసీదు కొరకు వచ్చును. రాజపూజ్యము, అవమానము అను మిగిలిన రెండు లెక్కలును ఊరికి అట్లే తేలును.