గుడ్డుకి జ్వరం కావాలి!

మీకు తెలుసా? కోడిగుడ్డు పెంకుకి 7,000 నుంచి 17,000 దాకా చిల్లులుంటాయి. అయినా సొన ఒక్క బొట్టు కారదు, గాలి మాత్రం దర్జాగా వచ్చిపోతుంది!

మీకు తెలుసా? ఫ్యాన్ ఉన్న ఇంక్యుబేటర్‌లో గుడ్డుకి కావలసిన వేడి 99.5 డిగ్రీల ఫారన్‌హీట్. మనిషికైతే ఒళ్లు కాస్త వెచ్చబడినట్టే, పిల్లకు అదే ప్రాణం. మీ మిషన్ మీద అంకెలు నిజం చెబుతున్నాయో లేదో జ్వరం చూసే థర్మామీటరుతోనే పట్టేయొచ్చు!

థర్మామీటరే పుట్టని రోజుల్లో ఈజిప్టు వాళ్లు మట్టి పొయ్యిల్లో వేల గుడ్లు పొదిగించారు. వేడి ఎలా చూసేవారో మీకు తెలుసా? గుడ్డుని కనురెప్పకి ఆనించి! కంటికి హాయిగా ఉంటే పిల్లకీ హాయే.

ఇప్పుడు కాకినాడ వాళ్లకి అసలు ప్రశ్న. ట్రే నిండా నీళ్లు పోసి, ఎంతో శ్రద్ధగా చూసుకున్నా పిల్లలు చివరి రోజుల్లో పెంకులోనే ఎందుకు చచ్చిపోతాయి? ఆ నీళ్ల వల్లే కావచ్చు! 18 రోజుల్లో గుడ్డు బరువు 12 నుంచి 14 శాతం దాకా తగ్గాలి. 60 గ్రాముల గుడ్డయితే 7, 8 గ్రాములు ఆవిరైపోవాలి. అప్పుడే మొద్దువైపు గాలిగది పెరుగుతుంది, పిల్ల తొలి ఊపిరి పీల్చేది అక్కడే. తేమ ఎక్కువైతే ఆ గది ఇరుకై పిల్లకు ఊపిరాడదు. లోపల నిండుగా ఉంటే బాగుండేది గొట్టం కాజాకే గానీ గుడ్డుకి కాదండీ!

అయితే ఎంత తేమ కావాలి? మొదటి 18 రోజులు 50, 55 శాతం చాలు. ఇక్కడో వింత లెక్క: 30 డిగ్రీల సెల్సియస్ గదిలో 75 శాతం తేమ ఉన్న గాలి, మిషన్‌లో 37.5 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు 50 శాతానికి దిగుతుంది. అంటే ఉప్పాడ గాలి వీచే రోజున చుక్క నీరు పోయకుండానే లెక్క సరి! సముద్రం ఇంటి పక్కన ఉండటమంటే మాటలా?

చివరి మూడు రోజులు మాత్రం కథ అడ్డం తిరుగుతుంది. తేమ 65, 70 శాతానికి పెంచాలి, గుడ్లు తిప్పడం ఆపాలి. అంతకుముందు తిప్పకపోతే పిండం పొరకి అతుక్కుపోతుంది, ఇప్పుడు తిప్పితే పిల్ల దిక్కు తప్పుతుంది!

మీకు తెలుసా? రెండు రోజులు నిండేలోపే గుడ్డులో గుండె కొట్టుకుంటుంది! ఏడో రోజున చీకట్లో టార్చి పెట్టి చూడండి. ఎర్రటి నరాలు అల్లుకుని ఉంటే పిల్ల బతికున్నట్టు. నెత్తుటి వలయం ఒక్కటే కనిపిస్తే ఆట ముందే ముగిసినట్టు. ఏమీ లేకుండా తేటగా ఉంటే పుంజుని అడగాలి!

అనపర్తి ఫారం గుడ్లు ఎన్నాళ్లు పొదిగించినా పిల్లలు కావు. ఎందుకో మీకు తెలుసా? లేయర్ ఫారాల్లో పుంజులే ఉండవు!

మే నెలలో గుడ్లు గదిలో పోగేస్తున్నారా? 27 డిగ్రీలు దాటిందంటే పిండం మిషన్ ఎక్కకముందే అరకొరగా పెరగడం మొదలెడుతుంది. 15 నుంచి 18 డిగ్రీల చల్లదనంలో ఉంచి, వారంలోపు మిషన్‌లో పెట్టేయాలి. ఫ్రిజ్ మాత్రం ఆమ్లెట్ గుడ్లకే!

పిల్లలు 20వ రోజే బిలబిలా దిగిపోయాయా? వేడి ఎక్కువైంది. 22, 23 దాకా లాగాయా? తక్కువైంది. సంక్రాంతికి లక్షలు పలికే పందెం పుంజుకైనా కావలసినవి అవే 21 రోజులు!

మీకు తెలుసా? అప్పుడే పుట్టిన పిల్ల దాదాపు మూడు రోజులు తిండీ నీళ్లూ లేకుండా ఉండగలదు. పచ్చసొనని పొట్టలోకి లాక్కుని మరీ వస్తుంది. ఒక్కరోజు పిల్లలు అట్టపెట్టెల్లో ఊళ్లు దాటేది ఆ బలంతోనే, టిఫిన్ కట్టుకుని పుట్టడమంటే ఇదే!

ఇక ఆఖరి మాట. పెంకుకి చిల్లు పడ్డాక పిల్ల బయటికి రావడానికి 24 గంటలు కూడా పట్టొచ్చు. తొందరపడి ఒలిస్తే పొరలోని రక్తనాళాలు తెగుతాయి. మాటిమాటికీ మూత తీస్తే పొర ఎండి పిల్లని బిగించేస్తుంది. చేతులు కట్టుకుని అద్దంలోంచి చూడండి, మూత ముట్టకండి!