బాస్కర్విల్ అక్షరములు

ఇంటిలో ఆంగ్ల గ్రంథములున్న శ్రోతలు ఒక సంపుటము తెరచి పెద్ద 'ఐ' అక్షరమును పరికింపవలెను. నిలువుగీతకు పైనను క్రిందను చిన్న అడ్డకొనలు కనబడును. వీనిని సెరిఫ్‌లు అందురు. చూపునకు మన తలకట్టువలె తోచును గాని, తలకట్టు తీసి గుడి యిచ్చినచో 'క' 'కి' యగును. సెరిఫ్ తీసివేసినను ధ్వని మారదు. అది అక్షరమునకు అలంకారము. పంక్తి వెంట కంటికి దారి చూపుననియు కొందరందురు.

ఈ జాతి అక్షరములలో బాస్కర్విల్ చరిత్ర విచిత్రమైనది. దానిని కల్పించిన జాన్ బాస్కర్విల్ 18వ శతాబ్దమున ఇంగ్లండులోని బర్మింగ్‌హాం నగరవాసి. మొదట దస్తూరి నేర్పినాడు, సమాధి ఫలకములు చెక్కినాడు. పిమ్మట మెరుగుపూత సామగ్రి వ్యాపారమున ధనము గడించి, 1750 ప్రాంతమున ముద్రణకు పూనుకొన్నాడు. 1757లో వర్జిల్ కావ్యములు వెలువడినవి.

ఆనాటి ఆంగ్లేయులు విలియం కాస్లన్ అక్షరములకు అలవాటుపడినవారు. బాస్కర్విల్ లావు గీతకును సన్నగీతకును భేదము పెంచినాడు, గుండ్రని అక్షరముల వాలు తగ్గించినాడు, సెరిఫ్ కొనలకు పదును పెట్టినాడు. పెద్ద 'క్యూ' తోక కలము విసరినట్లు సాగును. చిన్న 'జి' క్రింది చుట్టు మూసికొనదు. దస్తూరి నేర్పిన చేయి ఇచట దాగలేదు. అయితే అట్టి సన్నగీత గరుకు కాగితముపై విరుగును, నాసి సిరాతో అలుకుకొనును. కావున ఆయన సిరా తానే కాచుకొన్నాడు. వర్జిల్ గ్రంథమున కొంత భాగమునకు చారలు లేని నున్నని కాగితము వాడినాడు. అచ్చైన పుటలను వేడి రాగిరేకుల నడుమ నొక్కించినాడు. వీనినన్నింటిని ఒక్క పనిగా భావించుటయే ఆయన ప్రతిభ యని మా అభిప్రాయము.

అయినను ఈ అక్షరములు కన్నులకు చేటు అను అపవాదు పుట్టినది. 1760లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఆయనకు వ్రాసిన జాబులో ఒక ముచ్చట ఉన్నది. ఆ సన్నగీతలు దేశములోని చదువరులందరిని గ్రుడ్డివారిని చేయునని ఒక పెద్దమనిషి వాదించినాడట. ఫ్రాంక్లిన్ లోపలికి పోయి, కాస్లన్ నమూనా పత్రము పైభాగము చింపి, బాస్కర్విల్‌దని చేతికిచ్చినాడు. పెద్దమనిషి పుటనిండ దోషములు చూపి, చదువుచుండగానే కన్ను నొచ్చుచున్నదన్నాడు. అతడు జీవితమంతయు సుఖముగా చదివిన అక్షరములే అవి! నిజము చెప్పి అతనిని సిగ్గుపరచలేదట ఫ్రాంక్లిన్.

బాస్కర్విల్‌కు ముద్రణ లాభము తేలేదు. 1775లో ఆయన మరణించిన పిమ్మట, 1779లో భార్య అక్షరసామగ్రిని ఫ్రెంచి నాటకకర్త బోమార్షేకు విక్రయించినది. వోల్టేరు రచనలు వానితో అచ్చయినవి. మోనోటైప్ సంస్థ 1923లో ఈ తీరును పునరుద్ధరించినది. మూలపు ఉక్కు దిమ్మలు 1953లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయము చేరినవి.

2012లో అమెరికా చిత్రదర్శకుడు ఎరల్ మారిస్, న్యూయార్క్ టైమ్స్ అంతర్జాల పాఠకులకు ఒకే విషయమును ఆరు తీరుల అక్షరములలో చూపి, నమ్మెదరా యని అడిగినాడు. బాస్కర్విల్‌లో చదివినవారు రవంత ఎక్కువగా నమ్మినారు. భేదము బహుస్వల్పము, సిద్ధాంతముగా గైకొనరాదు. కాని కన్ను పోగొట్టునన్న అక్షరమునకే ఈ గౌరవము దక్కుట ముచ్చటగొలుపును.

కెనడా ప్రభుత్వ చిహ్నములోని దేశనామము ఈ తీరుదే. కావ్యములకు, చరిత్ర గ్రంథములకు, ఆహ్వానపత్రములకు ఇది తగును. అంచులు విశాలముగా, పంక్తుల నడుమ ఎడముగా ఉండవలెను. ఔషధపు సీసాపై అంటించు చిన్న చీటీకి మాత్రము వాడరాదు. అచట సన్నగీత చెదరినచో మోతాదు అంకెయే తప్పుగా కనబడవచ్చును.